అక్క పొలానికి అందని తడి

నేను రోజూ సూర్యాపేట వెళ్లి బడిలో సాంఘికశాస్త్రం చెప్పి వస్తాను. దేశాలు నీళ్లను ఎట్లా పంచుకుంటాయో చెప్పే పాఠం నాకు ఇష్టం. బోర్డు మీద వృత్తం గీసి మూడు ముక్కలు చేస్తాను: ఇళ్లు, పరిశ్రమలు, సేద్యం. ఐరోపాలో కొన్ని దేశాల్లో పెద్ద ముక్క పరిశ్రమలది. మన దగ్గర సేద్యానిది. ఆ మాట చెప్పేటప్పుడు రైతుబిడ్డనని కొంచెం గర్వం. ఆ పెద్ద ముక్క లోపల ఎవరికెంతో మాత్రం ఎప్పుడూ గీయలేదు.

వేములపల్లి దగ్గర మా పొలం కాలువ మొదట్లో ఉంటుంది. అదే కాలువ చివర అక్కావాళ్ల పొలం. యాసంగిలో, అంటే రబీ పంటకు, కాలువలో నీళ్లు కొన్నాళ్లు వదిలి, కొన్నాళ్లు ఆపుతారు. వదిలినప్పుడు మా వైపు వాళ్లమంతా కట్ట మీద మోటార్లు పెట్టి తోడుకుంటాం. తప్పని అందరికీ తెలుసు.

పోయిన యాసంగిలో ఒక ఆదివారం బావ కట్ట మీదికి వచ్చాడు. మా మడిలో నిండుగా నిలిచిన నీళ్లు చూసి నవ్వాడు.

"ఏం బామ్మర్దీ, వరి బంద్ జేసి చాపలు పెంచుతున్నవా?"

"కూసో బావా, చాయ్ తాగుదాం."

"చాయ్ గాదు, జర మోటర్ బంద్ జెయ్యి. మా పొలం పొట్ట మీదుంది. ఇప్పుడొక్క తడి అందకుంటే గింజ పట్టది."

"నేను బంద్ జేస్తే పక్కాయన గుంజుకుంటడు. నీ దాక రావు."

"నువ్వైతే బంద్ జెయ్యి. ఆయన సంగతి నేను సూస్కుంట."

ఆపాను. బావ పోయి పక్కాయనను బతిమాలాడు. ఆయన తన పొలానికి దిగువనున్న మోటార్లను చూపించి, ముందు వాళ్లను ఆపమన్నాడు. మర్నాడు బడికి బయల్దేరే ముందు చూస్తే కాలువలో నీళ్లు తగ్గి ఉన్నాయి. మా పొలం ఎండుతుందని భయమేసింది. మడి నిండుగానే ఉంది. అయినా మోటారు వేశాను. బావకు చెప్పలేదు.

కాలువకు నీళ్లు ఆపేశారు. అక్కావాళ్ల పొలంలో కంకులు తెల్లగా, తాలుగా బయటపడ్డాయి. కోయడం దండగని బావ గొర్రెలవాళ్లను పిలిచాడు. నేను వెళ్లేసరికి మంద పొలంలో మేస్తోంది. గట్టు మీద అక్క నిలబడి ఉంది. నేనేదో అనబోయాను.

"నీ మోటర్ సప్పుడు గీడిదాక ఇనబడదులే తమ్మీ" అంది. మళ్లీ తనే, "నీ పొలం కోసినంక జర గడ్డి పంపు. బర్లకు లేదు" అంది.

మా వడ్లు మిర్యాలగూడ మిల్లుకు పోయాయి. గడ్డి ట్రాక్టర్‌లో పంపాను. వద్దనకుండా దింపుకున్నారు.

ఈ యాసంగికీ మోటారు కట్ట మీదే ఉంది. తీసేస్తే పక్కాయన ఇంకొకటి పెడతాడని నాకు నేనే చెప్పుకుంటున్నాను. అక్కావాళ్లు ఈసారి నాట్లు వేయలేదు. ఆపమని అడగడానికి ఎవరూ రాలేదు.