ఆరు డైమెన్షన్లు, ఒక్క భాగహారం

ముందే చెప్పేస్తాను: పీహెచ్‌డీ కమిటీ మీటింగ్‌లో పాసయ్యాను. సస్పెన్స్ కోసం చదివేవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

హాలిఫాక్స్‌లో నా పీహెచ్‌డీ రెండు ఎలక్ట్రాన్ల మీద. ఒక్కోటి ఎక్కడుందో చెప్పడానికి మూడు కొలతలు కావాలి, రెంటికీ కలిపి ఆరు. ఆ ఆరు డైమెన్షన్ల వేవ్ ఫంక్షన్ ‘ఇవి ఎక్కడ దొరకొచ్చు’ అన్నదానికి జవాబు చెబుతుంది. దానికి ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ చేస్తే ‘ఎంత జోరుగా, ఎటు పోతుండొచ్చు’ అన్నదానికి జవాబొస్తుంది. రెండు ఎలక్ట్రాన్లూ ఒకదాన్నొకటి పట్టించుకోకపోతే పని సులువు. ఆరును రెండు మూళ్లుగా విడగొట్టి, వేరువేరుగా చేసి, గుణిస్తే సరి. పట్టించుకుంటే మాత్రం విడదీయడం కుదరదు, ఆరూ ఒకేసారి మొయ్యాలి. నావి పట్టించుకునే రకం. మా ల్యాబ్‌లో ఒకదాన్నొకటి పట్టించుకునేవి ఇప్పుడు అవి రెండే.

అంతకుముందు ఇంకో జత ఉండేది: నేనూ, వరంగల్ నుంచి వచ్చిన ఒక సీనియరూ. నేను అన్నా అనేవాణ్ని. ఆయన తమ్మీ అనేవాడు. నాది కాకినాడ కాబట్టి మొదట్లో వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూసేవాణ్ని.

మా గైడ్‌కి ట్రాన్స్‌ఫామ్‌లో వచ్చే టూ పైలు (2π) బోర్డు మీద రాయడం బద్ధకం. స్థిరాంకాలన్నీ చివర్లో పెట్టుకుందాం అంటూ రాసుకుపోతాడు. ఆ చివర ఎప్పుడూ మా డెస్కుల దగ్గరికే వచ్చేది. అందుకని మాకో పద్ధతి ఉండేది. ఒకే లెక్కను ఇద్దరం విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా చేసి, టీ తాగుతూ సరిపోల్చుకునేవాళ్లం. తప్పు ఎవరిదైతే వాళ్లు కప్పులు కడగాలి. పీహెచ్‌డీ సంగతి ఎలా ఉన్నా, కప్పుల్లో నాకు ఎప్పుడో డిగ్రీ వచ్చేసింది.

మా సీనియర్ బ్యాంకులో ఉద్యోగం వచ్చి వేరే ఊరికి, స్కార్‌బరోకి వెళ్లిపోయాడు. వీడ్కోలు రోజు అందరూ రెండేసి మంచి మాటలు చెప్పారు. నేను లేచి, ఫిజిక్స్‌కి ఒకడు తగ్గాడు, బ్యాంకుకి ఒక గుమస్తా దొరికాడు అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఆ తర్వాత గొడవేమీ లేదు. ఫోన్లూ లేవు. ఏడు నెలలు.

ఒంటరిగా లెక్క చేయడంలో ఒక సుఖముంది, ఎవరూ కాదనరు. రెండుసార్లు చేసేవాణ్ని. రెండుసార్లూ ఒకే తప్పు చేసి, జవాబులు కలిశాయని సంతోషించేవాణ్ని. పక్క కుర్చీలో నా చలికోటు కూర్చునేది. ఒక సాయంత్రం ఫెర్రీలో ఎవరి కాలో తొక్కి సారీ అనబోతే గొంతు పెగల్లేదు. పొద్దుట్నుంచి దాన్ని వాడలేదని అప్పుడు తెలిసింది.

శుక్రవారం కమిటీ. ఫలితం చూపించకపోతే మాస్టర్స్‌తో సర్దుకోవాల్సి ఉంటుందని గైడ్ చాలా మర్యాదగా చెప్పాడు. బుధవారం ప్రోగ్రాం నడిచింది. ఎలక్ట్రాన్లు ఏదో ఒక వేగంతో పోతుండే సంభావ్యత మొత్తం కలిపితే ఒకటి రావాలి. నాకు తొమ్మిది వేల ఏడు వందల తొంభై మూడు వచ్చింది. అంటే ఎలక్ట్రాన్లు ఉన్నాయి, కాకపోతే మరీ ఎక్కువగా ఉన్నాయి. రెండోసారి చేశాను. అదే వచ్చింది.

గురువారం సాయంత్రం అన్నకి ఫోన్ చేశాను. తప్పు దొరకదేమో అన్నదానికంటే, ఆయన ఎత్తడేమో అన్నదానికే ఎక్కువ భయపడ్డాను. ఇది కమిటీకి చెప్పలేదు.

ఎత్తాడు. ఆఫీసు నుంచి బస్సులో ఇంటికి పోతున్నాడట.

“ఏం తమ్మీ, బతికే ఉన్నవా?”

సారీ చెబుదామని నోరు తెరిచాను. అలవాటు కొద్దీ, గుమస్తా గారితో పనిపడింది అని వచ్చింది. ఆయన నవ్వలేదు, పనేందో చెప్పమన్నాడు. నాకొచ్చిన మొత్తం ఎంతో చెప్పాను.

“టూ పై వర్గమూలంతో ఎన్నిసార్లు భాగించినవ్?”

“ఒకసారన్నా. ఒక్క డైమెన్షన్‌లో టెస్ట్ చేస్తే కరెక్టుగానే వచ్చింది.”

“ఇప్పుడెన్ని డైమెన్షన్లు?”

“ఆరు.”

“మరి మిగిలిన ఐదుసార్లు ఎవరు భాగించాలె? బ్యాంకోళ్లా?”

నా గుమస్తా మాటకి జవాబు ఏడు నెలలు దాచుకున్నాడన్నమాట. ఇద్దరం నవ్వాం. ఈసారి ఆయనే ముందు.

ట్రాన్స్‌ఫామ్ మళ్లీ చేయక్కర్లేదు, ఇంకో ఐదుసార్లు భాగిస్తే చాలు. ఒక్క లైను మార్చాను. మొత్తం ఒకటి వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత చిన్న తప్పు చేసినందుకు సిగ్గేసింది, ఇంకాస్త పెద్దది చేయనందుకు బాధేసింది. పెద్దదైతే కనీసం గంట పట్టేది.

“ఇంకేమన్న డౌటుందా తమ్మీ?”

ఏమీ లేదు. స్క్రీన్ మీద మొత్తం ఒకటి అని కనిపిస్తూనే ఉంది.

“ఉందన్నా.”

“అడుగు. దిగడానికి ఇంకా నలభై నిమిషాలుంది.”

నేను ప్రోగ్రామ్‌ని మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను, ఎక్కడైనా ఒక డౌటు దొరక్కపోతుందా అని.