పోపు లేని పచ్చిపులుసు

అది 1984 జనవరి. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు తెరచాపల యాట్‌లో వంటవాడిగా బయలుదేరాను. హనుమకొండలో మెస్ నడుపుకునే నేను అప్పటిదాకా చూసిన పెద్ద నీళ్లు పాకాల చెరువే. నన్ను లాక్కుపోయింది నరహరి సార్. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన ఏళ్ల తరబడి నా మెస్‌లోనే భోంచేశారు. ఒక్కసారైనా సముద్రం దాటాలన్నది ఆయన జీవితకాలపు కోరిక. యాట్ నడిపేది విశాఖ సరంగు అప్పలరాజు. మొత్తం ముగ్గురం.

యాట్‌లో వంటగదిని గ్యాలీ అంటారు. స్టవ్ గింబల్ అనే చట్రంలో వేలాడుతుంది. పడవ ఎటు ఒరిగినా గిన్నె తొణకదు, వండేవాడే గోడలకు కొట్టుకుంటాడు. వంతుల వారీగా చుక్కాని పట్టడాన్ని వాచ్ అంటారు. వాచ్ దిగినవాళ్లకు వేడివేడిగా వడ్డించడం నా పని.

తీరం కనుమరుగయ్యేసరికే సార్‌కు వాంతులు మొదలయ్యాయి. ఉప్మా వద్దన్నారు, కోడిగుడ్డు కూర చూసి మొహం తిప్పుకున్నారు. నాకు రోషం వచ్చింది. నా చేతి వంట వద్దనడమా! ఘుమఘుమలాడే పప్పుచారు చేద్దామని ఎండుమిర్చి పోపు వేశాను. అలలకు పైతలుపు మూసి ఉంది. పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ ఘాటుకు సార్, నేను దగ్గుతూ చుక్కాని దగ్గరున్న అప్పలరాజు పక్కకు పరుగెత్తాం.

సార్ వంతు వాచ్ కూడా తానే చేస్తూ మూడో రోజుకు అప్పలరాజు అలిసిపోయాడు. "రేపొద్దున్న వరకు సూస్తాను. ఈయన కడుపులో ఏటీ నిలవకపోతే ఎనక్కి తిప్పేత్తాను" అన్నాడు. సార్ కళ్లలో నీళ్లు చూసి నా గుండె చెరువైంది.

ఆ సాయంత్రం నేను డెక్ మీద ఓ మూల కూర్చుని తింటున్నాను. సార్ పిలిచారు.

"మల్లేశం, ఏం తింటానవ్?"

"పొద్దటి అన్నం సార్. పచ్చిపులుసు పోసుకున్న."

చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి నలిపి వేసింది. పొయ్యి లేదు, నూనె లేదు. నిజానికి గ్యాలీలో నూనె వాసన నాకే పడక రోజూ అదే తింటున్నాను.

"జర నాకు పెట్టు."

"చల్లటన్నం మీకెట్ల పెడ్త సార్? నా ఇజ్జత్ పోదా?"

"నువ్వు కక్కకుంట తిరుగుతానవ్ గద. నీకు పడ్డది నాకు పడదా?"

నాలుగు ముద్దలు తిన్నారు. నేను ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. కక్కలేదు. కాసేపటికి పళ్లెం మళ్లీ చాచారు. ఆ పళ్లెం చూసినంత సంతోషం నాకు ఏ పెళ్లి వంటలోనూ కలగలేదు.

తెల్లవారి అప్పలరాజు అడిగాడు: "ఏటండీ, తిప్పీమంటారా?"

"నువ్వు పోయి పండుకో. చుక్కాని నేను పట్టుకుంట" అన్నారు సార్.

నా మెస్‌లో ఎవరైనా నలతగా కూర్చుంటే, ఇప్పుడు ఏం వండానో చెప్పను. నేనేం తిన్నానో చెబుతాను.