ఇనుప గొట్టం, అన్న చేతి కట్టు

నిన్న పొద్దున అనంతపురంలో మా ఎదురింటివాళ్ళు బోరు వేయించడం మొదలుపెట్టారు. ఆ కంప్రెసర్ మోతకు నా చేతిలోని కాఫీ గ్లాసు జారి పగిలింది. కణాల మీద ఒత్తిడి ఏం చేస్తుందో పిల్లలకు చెప్పీ చెప్పీ రిటైరైనదాన్ని, ఈ వయసులో కూడా ఆ మోత వింటే నాకొచ్చేది భయం కాదు, కోపం. మెట్టభూమిలో పుట్టిన మన ఈడువాళ్ళకు ఆ కోపం విడమరిచి చెప్పనక్కరలేదు.

అప్పట్లో నేను బెంగళూరులో ఒక ప్రయోగశాలలో పరిశోధన చేస్తుండేదాన్ని. మనిషి కణాలను ద్రవంలో ఉంచి, దళసరి ఇనుప గొట్టంలో మూసి, చేతి పంపు కొట్టి సముద్రపు అడుగున ఉండేంత ఒత్తిడి పెంచేవాళ్ళం. కణంలో ప్రోటీన్లు అల్లే రైబోజోములని ఉంటాయి. ఒత్తిడి పెరిగేకొద్దీ అవి రెండు ముక్కలుగా విడిపోయి అల్లిక ఎక్కడిదక్కడ ఆగిపోయేది. వేళకు వదిలితే అవే మళ్ళీ జతకూడి, ఏమీ జరగనట్టు పనిలోకి దిగేవి. ఆలస్యమైతే మాత్రం ఎంత వదిలినా లేచేవి కావు. కణాలను చంపడంలో నాది అందె వేసిన చెయ్యి, వేళ తప్పడం నాకు మామూలే.

ఆ ఎండాకాలం సెలవుకు నల్లమాడ పక్కన మా ఊరికి వచ్చేసరికి నాయన చేనులో బోరు వేయిస్తున్నాడు. అంతకుముందు వేయించినవన్నీ దుమ్మే కక్కాయి. మా నాయన బిగింపు మనిషి. నులక మంచమైనా, బండి మీద వేరుశనక్కట్టె మోపైనా, మోకాలు ఆనించి లాగాడంటే కర్రలు కిర్రుమనాల్సిందే. బోరు దగ్గరా అదే మొండితనం. గాలి గొట్టం వేడెక్కింది, కాసేపు ఆపుదామని రిగ్గువాళ్ళు మొత్తుకున్నారు. "ఇంకొక రాడ్డు దించప్పా, నీళ్ళు ఆడనే ఉండాయి" అన్నాడు నాయన. ఆ రాడ్డు సగం దిగకముందే గొట్టం జాయింటు ఊడి, పగ్గం తెంచుకున్న కోడెలా లేచి, పక్కన నిలబడ్డ మా అన్న ముంజేతిని విరగ్గొట్టి, అంతటితో ఆగక రిగ్గు అద్దాలు పగలగొట్టి, కొబ్బరికాయ కొట్టిన రాయిని సైతం ఎగరగొట్టింది.

కట్టు కట్టే పెద్దాయన వచ్చి, గుడ్డుసొన, మినప్పిండి పట్టించి, వెదురు బద్దలు పెట్టి తాడుతో ఒద్దికగా కట్టి వెళ్ళాడు. ఆయన కట్టులో తప్పేమీ లేదు. ఆయన అటు వెళ్ళాక అన్న మూలుగుతుంటే, కట్టు వదులై ఎముక కదులుతోందనుకున్నాడు నాయన. శనక్కట్టె మోపు కట్టినట్టే మోకాలు ఆనించి, తాడు ఇంకో చుట్టు తిప్పి లాగాడు. పొద్దు వాలేలోపు అన్న వేళ్ళు నేరేడుపండ్లలా నల్లబడి చల్లబడ్డాయి. ముట్టుకుంటే తెలియడం లేదన్నాడు.

నా గొట్టంలో ఒత్తిడి వేరు, ఈ కట్టు ఒత్తిడి వేరు. ఇక్కడ ఆగింది నెత్తురు. అది తెలిసి కూడా, ఆ వేళ్ళను చూడగానే నేను ఆలస్యం చేసి చంపిన కణాలన్నీ గుర్తొచ్చాయి. కట్టు విప్పమన్నాను. "నొప్పి ఉంటేనే కదే ఎముక అతికేది" అన్నాడు నాయన. "ఎముక అతుకుతాది నాయనా, చెయ్యే ఉండదు" అని, గోడకున్న కొడవలి తీసి తాడుకు వేశాను. నాయన నా చెంప పగలగొట్టి, జుట్టు పట్టి వెనక్కి లాగాడు. నేను ఆయన చేతిని నెత్తురు వచ్చేటట్టు కొరికాను, చెప్పడానికి నాకేం సిగ్గులేదు. ఆయన పట్టు వదలగానే తాడు తెగింది, తాడుతోపాటు అన్న తోలు కూడా కొంత తెగింది. ముగ్గురం రొప్పుతూ ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి బొటనవేలు ఎర్రబడింది. వెంటనే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. దారిలో నా ఇనుప గొట్టంలో కణాలు ఎలా చచ్చేవో అన్నకు చెప్తుంటే నాయన వింటూనే ఉన్నాడు. చెయ్యి కొంచెం వంకరపోయినా నిలిచింది.

నాయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు, నాతో మాట్లాడనూ లేదు. శనక్కాయలు పీకినాక ఒకరోజు, సంచీడు పచ్చికాయలు భుజానేసుకుని బెంగళూరు వచ్చి ప్రయోగశాల గుమ్మంలో నిలబడ్డాడు. ఆ ఇనుప గొట్టం చూపించమన్నాడు. నేను కొరికిన మచ్చ ఉన్న చేత్తో దాన్ని తడిమి, "వదిలితే మళ్ళా లేస్తాయా అమ్మా?" అని అడిగాడు. వేళకు వదిలితే లేస్తాయి నాయనా అన్నాను. తలూపి, సంచీ అక్కడే పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ప్రయోగశాలల్లో మీట నొక్కితే చాలట, పంపు కొట్టి భుజాలు నొప్పి పెట్టుకునేవాళ్ళు లేరు. నాయనా లేడు. నాతోనే ఉంటున్న అన్న నిన్న గదిలోంచి వచ్చి, ఆ వంకర చేత్తోనే గాజుముక్కలు ఏరి, కిటికీ మూశాడు. సాయంత్రం దాకా ఎదుట దుమ్మే లేచింది, ఎదురింటాయన ఇంకొక రాడ్డు, ఇంకొక రాడ్డు అంటూనే ఉన్నాడు. ఆనాడు నాయన అడిగింది కణాల గురించి కాబట్టి జవాబు చెప్పగలిగాను. వదిలితే ఈ నేల మళ్ళా లేస్తుందా అని అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.