మొద్దుకు రెండు

నా భార్య పోయిన మంగళవారం చనిపోయింది. ఆ పొద్దున విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలిచింది. రొమ్ములో పట్టేసినట్టుందంటే పావగడ ఆసుపత్రికని బస్సెక్కించాను. మా ఊరి గుట్ట దాటేటప్పుడు కిటికీలోంచి చూసి, "కింద పక్క ఇంగా అట్లే ఉండాది" అంది. తర్వాత చూద్దామన్నాను. పావగడ రాకముందే నా భుజం మీద తల వాల్చింది. మళ్ళీ లేవలేదు.

గుట్ట మీది వేపచెట్లను వెనకటి కరువులో జనం పొయ్యిలకు కొట్టేశారు. మిగిలిన ఒక్కో మొద్దుకు పదేసి పిలకలు లేచాయి. నేను బడిపంతులిని, ఊరి అడవి సంఘానికి కార్యదర్శిని. ఎవరూ పుల్ల కూడా తుంచకూడదని తీర్మానం రాయించాను. చెట్టును కాపాడటమంటే ముట్టుకోకపోవడమే అనుకున్నాను.

ఆమె చదివింది నాలుగో తరగతి. నన్ను మేష్ట్రూ అనే పిలిచేది.

"పదిమంది పిల్లోళ్ళకి ఒగ ముద్ద సంగటి పెడితే ఎవురికి సాల్తాది మేష్ట్రూ? ఇద్దరికైతే సాల్తాది" అంది.

నేను బడికి పోయిన రోజుల్లో గుట్ట పైభాగం మొదలుపెట్టింది. పాత చీర చింపి, ఉంచదలచిన రెండు పిలకలకు పీలికలు కట్టి, మిగతావి కోసేది. తడి ఆరకుండా కోసిన ఆకును మొద్దు చుట్టూ పరిచేది. ఇది ఏ దేవరకు మొక్కని గొర్రెలు మేపే ఒకామె అడిగితే, "దేవరకు కాదక్కా, నా కొడవలికి. దానికి కండ్లు కనపడవు" అందట.

సంగతి తెలిసి, సంఘం వాళ్ళ ముందే ఆమెను తిట్టాను. కింది భాగం ముట్టుకోవద్దన్నాను. కొడవలి కొంగుతో తుడుచుకొని ఇంటికి నడిచింది. ఆ పూట కూడా నాకు సంగటి వేడిగానే పెట్టింది.

తర్వాత రెండేళ్ళు వానలు లేవు. వేరుశెనగ పోయింది. గుట్ట పైభాగం పచ్చగా నిలిచింది. కింద పిలకలు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. రోజూ ఆ దారినే బడికి పోతూ చూశాను. నువ్వు చెప్పిందే సరి అనడానికి నాకు ఆ రెండేళ్ళు చాలలేదు. ఆమె అడగనూ లేదు. "మేష్ట్రుకు తెలుస్తాది లే, నిదానంగా" అని పక్కింటామెతో అనడం మాత్రం ఒకసారి విన్నాను.

నిన్న సంఘాన్ని పిలిచి, ఆమె చేసిందే సరి అని చెప్పాను. తీర్మానం మార్చుకున్నాం. తర్వాత ఒక్కడినే గుట్ట ఎక్కాను. ఆమె కట్టిన పీలికలు కొన్ని ఇంకా ఉన్నాయి. రంగు వెలిసి, లావెక్కిన బెరడులోకి దిగిపోయాయి.

ఆమె నీలం చీర ఒకటి చింపి పెట్టుకున్నాను. రేపు పొద్దున ఆమె కొడవలి తీసుకొని కింది పక్కకు పోతాను. మొద్దుకు రెండు ఉంచుతాను.