ఇసుక మీద వంకాయలు

దయ్యాల మాట ఎత్తితే మా ఊళ్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. మాది నౌపడకి అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. వేటకి వెళ్లి తిరిగి రానివాళ్లు అమావాస్యనాడు ఒడ్డున నిలబడి పేరు పెట్టి పిలుస్తారని చిన్నప్పుడు మా ఇంటి చుట్టుపక్కల ముసలమ్మలు చెప్పేవారు. "పిలిస్తే పలికీసి, ఏటి కావాలో అడగండి, గొడవొదిలిపోతాది" అనేదాన్ని. అమ్మ నెత్తి మీద ఒక్కటి మొట్టేది.

ఇప్పుడు విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. తెర నల్లబడితే వైరు ఊడి ఉంటుంది, మెషీన్ మొరాయిస్తే దుమ్మో ఎలకో కారణమై ఉంటుంది. కారణం దొరకని జబ్బు ఏ మెషీన్‌కీ ఇంతవరకూ నేను చూడలేదు. అందుకే ఈ సంగతి రాస్తున్నాను. చదివినవాళ్లలో ఎవరికైనా కారణం తోస్తే చెప్పండి, నిజంగా సంతోషిస్తాను.

మా తమ్ముడు పైడిరాజు ఫోన్లో ఒక ఆట ఆడేవాడు. పాత ఆట ఒకటంటే పిచ్చి ఉన్న కుర్రాళ్లెవరో దాన్ని చూసి సొంతంగా ఇంకొకటి తయారుచేసి, ఉచితంగా నెట్లో పెట్టారు. గడ్డిలో తిరిగే వింత జంతువుల్ని పట్టుకోవాలి, మచ్చిక చేసుకోవాలి. వాటి సాయంతో పొలం చేయాలి. ఒకటి నీళ్లు పోస్తుంది, ఒకటి మట్టి తవ్వుతుంది, ఒకటి పిట్టల్ని తోలుతుంది. ఆడేవాళ్లు కొద్దిమందే. ఒకరి పొలానికి ఒకరు వెళ్లొచ్చు, కానీ పక్కవాడి పొలంలో నీళ్లు పోయడం తప్ప ఇంకేమీ చేయలేం. పంట కోయడం, కోసింది ఎక్కడైనా పెట్టడం పొలంగలవాడి చేతిలోనే ఉంటుంది. ఈ నియమం గుర్తుంచుకోండి.

వాడు నన్నూ ఆ ఆటలోకి లాగాడు. నేను మా కాలేజీలో లెక్కలు చెప్పే సరళగారిని లాగాను. ఆవిడది బొబ్బిలి దగ్గర వ్యవసాయం చేసే కుటుంబం. మా తమ్ముడి పొలం మొదటిసారి చూసి ఆవిడ పడీ పడీ నవ్వింది.

ఎందుకంటే మావాడు కోసిన పంటంతా తీసుకెళ్లి ఇసుక మీద ఎండబెట్టేవాడు. ఆటలో కొట్టుగది ఉంది, అందులో వేస్తే ఎన్నాళ్లున్నా పాడవదు. అయినా వాడు వంకాయలు కోసి, పొలం పక్కనున్న తీరం మీద వరసలుగా పరిచేవాడు. సగం పిట్టలు ఎత్తుకుపోయేవి.

"ఏటండీ మీ తమ్ముడు! ఒరుగులంటే కోసి ఎండబెడతారు గానీ, కాయని కాయలాగే ఎండబెడతారేటి?" అంది సరళగారు.

వాణ్ణి అడిగితే, "కుప్పగా పోసీసి వొగ్గెస్తే కుళ్లిపోవేటప్పా?" అన్నాడు. అక్కని మా వైపు అప్ప అంటారు. పుట్టినప్పటి నుంచీ ఒడ్డుకొచ్చిన చేపని వెంటనే ఎండలో పడేయడమే చూసినవాడికి, కొట్టుగది మీద నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఆ ఆటలో అలా చేసే మనిషి వాడొక్కడే. నేను చెప్పి చెప్పి విసిగి ఊరుకున్నాను.

వాడికి నీలం డిప్ప ఉన్న పీతలాంటి జంతువు ఒకటి ఉండేది. దానికి 'మావ' అని పేరు పెట్టాడు. "పీతకి పూటపూటకీ మేతెడతాడు, పెళ్లాం తిన్నాదా నేదా అని మాత్రం అడగడు" అని మా మరదలు గౌరి దెప్పేది.

మా వైపు మగవాళ్లు చాలామంది గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. పైడిరాజూ అంతే. పోయిన సీజన్లో బోటెక్కే ముందు నాకు ఫోన్ చేశాడు. "సముద్రం లోపలికెల్తే సిగ్నల్ ఉండదప్పా. నా పొలానికి నీల్లు పోస్తుండు. మావ జాగర్త" అన్నాడు. మనుషుల్ని జాగ్రత్తగా చూడమని మాత్రం అనలేదు, వెధవ. నేను మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఆట తెరిచి, వాడి వంగతోటకి నీళ్లు పోసి వచ్చేదాన్ని.

తర్వాత అక్కడ గాలివాన వచ్చింది. మిగతా బోట్లన్నీ తిరిగొచ్చాయి. మావాడు ఎక్కిన బోటు రాలేదు. బోటు యజమానికి ఫోన్ చేస్తే వెతుకుతున్నామని ఒకటే మాట. తర్వాత ఆ మాట కూడా చెప్పడం మానేసి, ఫోన్ ఎత్తడం తగ్గించాడు.

నేను సెలవు పెట్టి ఊరెళ్లాను. అమ్మ ఏడవలేదు, మాట్లాడలేదు. రోజూ మధ్యాహ్నం లేచి, చేపలు ఎండబెట్టే ఇసుకదిబ్బ మీదకి వెళ్లి కూర్చునేది. ఎండబెట్టడానికి చేపలేవీ లేవు. ఉత్త ఇసుక ముందు కూర్చుని పొద్దు వాలాక వచ్చేది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని లేచేది.

ఇంతలో గౌరిని తీసుకుపోవడానికి ఆమె కన్నవారు వచ్చారు. కూతురి మీద ప్రేమతోనే వచ్చారు, తప్పు పట్టలేం. అమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఆడు రాకముందే కోడలు గడప దాటితే, ఆడింక రాడని మనమే ఒప్పీసుకున్నట్టు" అంది. గౌరి ఇద్దరి మధ్యా నలిగిపోయింది. ఆలోచించుకుంటానని తండ్రిని అప్పటికి పంపేసింది, మళ్లీ వస్తానని ఆయన వెళ్లాడు. వాడు బతికున్నాడో లేడో తెలియకుండా ఆ పిల్లని ఉండమనడానికి నాకు నోరు రాలేదు, వెళ్లమనడానికీ రాలేదు.

సెలవు అయిపోయి విజయనగరం వచ్చాను. అన్నం డబ్బా తెరిచి, అలవాటు కొద్దీ ఆట కూడా తెరిచాను. వాడి పొలానికి వెళ్లాను.

తోటలో ఒక్క వంకాయ లేదు. అన్నీ తీరం మీద, ఇసుకలో, వరసలుగా పరిచి ఉన్నాయి.

సరళగారిని పిలిచి చూపించాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "మీ తమ్ముడేనండీ! ఇంకెవులు సేస్తారీ పని? ఎక్కడో ఒడ్డుకి సేరుంటాడు" అంది. నాకూ అదే అనిపించింది. వాడి ఫోన్‌కి చేశాను, స్విచాఫ్. అయినా సంతోషం ఆగలేదు. తెరని ఫొటో తీసి దాచుకున్నాను.

గౌరికి ఫోన్ చేసి చెప్పేశాను. "అయితే నానెక్కడికీ ఎల్లను వదినా. ఆడొచ్చినాక ఆ పీతని కూరొండేస్తాను" అని నవ్వుతూ ఏడ్చింది. మళ్లీ వచ్చిన తండ్రిని ఆ పిల్లే తిప్పి పంపింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. నా బుర్ర ఊరుకోదు కదా. ఒడ్డుకి చేరినవాడు ఇంటికి ఫోన్ చేయకుండా వంకాయలు కోస్తాడా? ఆట తయారుచేసిన కుర్రాళ్లలో ఒకడు ఆటగాళ్ల గ్రూపులో ఉంటాడు. అతనికి సంగతంతా రాసి, ఆ పొలంలోకి ఎవరు ఏ ఊరినుంచి వచ్చారో చూడమని బతిమాలాను.

పాపం, అతను శ్రద్ధగానే చూశాడు. పైడిరాజు బోటెక్కిన తర్వాత అతని ఖాతాలోకి ఎవరూ రాలేదని రాశాడు. మరి పంట ఎవరు కోశారంటే, పొలంగలవాడే కోసినట్టు నమోదై ఉందన్నాడు. మనిషి రాలేదు, పని మాత్రం జరిగింది. జంతువులు వాటంతట అవి కోసి ఉంటాయా అని అడిగాను. జంతువులకి ఇసుక మీద వస్తువులు పెట్టే పని అసలు నేర్పనే లేదట. ఏదో తప్పు దొర్లి ఉంటుందేమో, వెతుకుతానన్నాడు. వెతికాడు కూడా. దొరకలేదు.

ఏ ఆధారమూ లేకుండా ఒక ఆడపిల్లకి ఆశ పెట్టాను. ఇప్పుడు అది అబద్ధమని చెప్పాలా, వద్దా? చెప్పలేకపోయాను. గౌరి ఫోన్ చేసినప్పుడల్లా వస్తాడులే అంటూ వచ్చాను. ఆ రోజుల్లో నన్ను నేను తిట్టుకోని పూట లేదు.

అలాంటి ఒక పొద్దున, ల్యాబ్ తాళం తీస్తుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. "అప్పా, నానే" అన్నాడు పైడిరాజు. ఇంజను చెడిపోయి, బోటు గాలికి ఎటెటో కొట్టుకుపోయిందట. వానలో పట్టుకున్న నీళ్లు తాగి, పచ్చిచేపలు తిని బతికారట. చివరికి వేరే బోటువాళ్లు చూసి, తాడు కట్టి ఒడ్డుకి లాక్కొచ్చారు. నేను ల్యాబ్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. పిల్లలు చుట్టూ చేరి మేడమ్‌కి ఏమైందని కంగారుపడ్డారు.

వాడు ఇంటికి వచ్చిన రోజు నేనూ ఊరెళ్లాను. చిక్కి సగమయ్యాడు, పెదాలు పగిలిపోయాయి. భోజనాలయ్యాక, అందరూ కాస్త తేరుకున్నాక, నా ఫోన్లో దాచుకున్న ఆ ఫొటో చూపించాను. ఎక్కడినుంచి ఆడావురా అని అడిగాను.

"నానెక్కడాడినానప్పా? గాలొచ్చిన నాడే నా ఫోన్ నీల్లలో పడిపోనాది" అన్నాడు.

ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూశాడు. వాడి మొహం మారిపోయింది. మెల్లగా అన్నాడు, "ఇవి నానెట్టినవి కావే. నానయితే వరసలో ఎటుబడితే అటు పడేస్తాను. తొడిమలు సూడు, అన్నీ గట్టు వేపే ఉన్నాయి."

నేను అన్నిసార్లు ఆ ఫొటో చూసినా ఆ సంగతి గమనించలేదు. మా అమ్మకి ఒక పట్టింపు ఉంది. మగవాళ్లు వేటకి వెళ్లి ఉండగా చేపలు ఎండబెడితే, తలలన్నీ ఊరివైపు, గట్టువైపు ఉండేలా పరుస్తుంది. వెళ్లినవాళ్ల మొహాలు ఇంటివైపు తిరగాలని. ఊళ్లో మిగతావాళ్లకి ఆ పట్టింపు లేదు, ఆమెకి వాళ్లమ్మ నేర్పిందట. మా ఇద్దరికీ ఎన్ని తిట్లు తిన్నా అబ్బలేదు. అమ్మకి స్మార్ట్ ఫోన్ పట్టుకోవడం రాదు. అలాంటి ఆట ఒకటుందని కూడా ఆమెకి తెలియదు. వాడి పీతని గౌరి దెప్పినప్పుడు అది నిజం పీతే అనుకుని, "ఇంట్లో ఎక్కడెట్టినాడే?" అని అడిగిన మనిషి.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఆట తప్పు అనుకుందాం. తప్పు దొర్లితే వంకాయలు మాయమవ్వొచ్చు, రెట్టింపవ్వొచ్చు. తొడిమలన్నీ ఒకవైపు తిప్పి పెట్టే తప్పు ఎలా ఉంటుంది? అమ్మ ఉత్త ఇసుక ముందు కూర్చున్న ఆ మధ్యాహ్నాలు ఏం చేసిందని అడుగుదామనుకున్నాను. అడగడానికి భయం వేసింది. ఇప్పటికీ అడగలేదు. తెలుసుకోవాలని ఉంది, రోజూ ఉంటుంది.

ఆ రోజు మేం గుసగుసలాడుకోవడం చూసి అమ్మ మా దగ్గరికి వచ్చింది. ఏటే అదని ఫోన్ లాక్కుని, కళ్లు చికిలించి చూసింది. ఇసుకని చూసింది, వరసల్ని చూసింది. అవి చేపలనే అనుకుందో, వంకాయలని తెలిసే అందో నాకు తెలియదు. తమ్ముడి తల మీద చేయి వేసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"ఇన్నాల్లకి సరిగ్గా ఎట్టినావురా, నా నాయనా" అంది.

వాడు నా వైపు చూశాడు. అవి వాడు పెట్టినవి కావని ఇద్దరిలో ఎవరమూ అమ్మతో అనలేకపోయాం.