బలపాలు నూరిన అరుగు

పాత ఇళ్ల కొలతలు తీసి పటాలు గీయడం నా వృత్తి. జగ్గయ్యపేటలో ఒక మండువా లోగిలి అరుగును పడగొట్టి సిమెంటు వరండా కట్టబోతున్నారని నందిగామ మిత్రుడొకరు కబురు చేశారు. గునపం పడేలోగా ఆ ఇంటిని చూడాలని మర్నాడే బయలుదేరాను.

బెజవాడలో తెల్లవారి బయలుదేరిన బస్సు కంచికచర్ల మీదుగా ఎనిమిది గంటలకు నందిగామ చేరింది. ఇడ్లీ తిని కాఫీ తాగేంత వ్యవధి అక్కడ దొరుకుతుంది. జగ్గయ్యపేటలో దిగేసరికి పది కావస్తోంది. ఏసోబు అనే జట్కా అతను అర్ధరూపాయికి ఒప్పుకున్నాడు గాని, ఏ ఇల్లో చెప్పగానే కళ్లెం బిగించాడు.

“పంతులమ్మగారింటికా? పడగొట్టడానికొచ్చారా అండి?”

“చూడడానికి.”

“అయితే ఎక్కండి. పడగొట్టడానికైతే నడిచెళ్లమందును.”

ఒక మిరపకాయల వ్యాపారి కట్టించిన ఇల్లది. నాలుగు వైపుల పెంకుటి కప్పులూ మధ్యనున్న మండువాలోకి వాలుతాయి. అక్కడ పడిన వాననీరు నేల కింది తూము గుండా వీధిలోకి పోవాలి. నాపరాతి దిమ్మెల మీద నిలిపిన టేకు స్తంభాల్లో ఒక్కటి కూడా పగల్లేదు. వీధి పొడవునా నడుమెత్తు అరుగు. దాని అంచురాళ్ల మీద వేలు ఆనేంత నున్నటి గాట్లు వరసగా ఉన్నాయి.

“కత్తులు నూరారా?” అని అడిగాను.

“బలపాలండి,” అన్నారు ఇంటి యజమానురాలు సుగుణమ్మగారు. ఆమె ఊళ్లో ఉపాధ్యాయిని. “ఆ వ్యాపారి ఉన్నప్పుడు ఊరవతలి పల్లె పిల్లలు అరుగు తాకకూడదని వీధిలోనే నిలబడాలి. మా నాన్నగారూ పంతులే. ఈ ఇల్లు కొన్నరోజే ఆ పిల్లల్ని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టి పలకలిచ్చారు. ఇప్పటికీ సాయంత్రాలు ఇక్కడే చదువు.”

ఆమె తమ్ముడు దేవదానం తాలూకా కచేరీలో గుమాస్తా. వరండా ఆలోచన ఆయనదే. “గాట్లు చూసుకుంటే గోడ ఆగుతుందా అక్కా? మూల కుంగిపోతోంది. రేపు ఆ పిల్లల మీదే పడితే?”

ఆయన భయం న్యాయమైనదే. సుగుణమ్మగారు అంచురాయి మీద చేయి వేసి, “కొలతలకొచ్చిన ఈయన తీసెయ్యమంటే తీసేద్దాంలే,” అన్నారు. ఆ తరువాత నా వైపు చూడలేదు.

దారానికి గుండు కట్టి గోడకు వేలాడదీశాను. మూల వంగిన మాట నిజం. అయితే అరుగు ఎక్కడా కదలలేదు. మండువాలో నాలుగు బిందెల నీళ్లు పోయించి వీధిలో నిలబడ్డాను. తూము నుంచి చుక్క రాలేదు. కాసేపటికి కుంగిన మూల కింద మన్ను తడిసింది. బండి ఆపుకుని అక్కడే ఉన్న ఏసోబు, దేవదానం కలిసి వెదురుగడతో పొడవగా ఒండ్రు, పెంకుముక్కలు బయటపడ్డాయి. వెనకే నల్లటి నీళ్లు వీధిలోకి దూకాయి.

“దోషం తూముది. ఇక నీరు నిలవకపోతే మూల కుంగదు. అక్కడ కాస్త రాయి పేర్చి గట్టిచేస్తే చాలు. అరుగు గోడను కాచుకుని ఉంది, దాన్ని తీస్తేనే ప్రమాదం,” అని చెప్పాను.

“సిమెంటు చెప్పేశా కదండీ!” అన్నారు దేవదానం.

“దొడ్లో పిల్లలకి మరుగుదొడ్డి కట్టించరా. నీ పేరే రాయిస్తాలే,” అన్నారు అక్కగారు, కళ్లు తుడుచుకుంటూ.

ఏసోబు ఒక గాటులో వేలుపెట్టి, “ఇది నాదండి. పక్కది దేవదానంగారిది. ఎప్పుడూ నా బలపమే పదును,” అన్నాడు.

“అందుకేగా గుర్రాన్ని తోలుతున్నావు!”

“తమరు ఫైళ్లు తోలట్లా?”

కన్నకొడుకునూ పల్లె పిల్లవాణ్నీ పక్కపక్కన కూర్చోబెట్టిన ఆ తండ్రిని నేను చూడలేదు. ఆ రెండు గాట్ల మధ్య ఎడం కొలిచాను: జానెడు. స్తంభాల ఎత్తుతో పాటు ఆ జానెడునూ పటంలో గీశాను. మన ప్రాంతపు వాస్తు గొప్పతనం చెప్పవలసి వస్తే ఇకమీదట ముందుగా ఆ పటమే తీస్తాను.

మీరు వెళ్లదలిస్తే సాయంత్రం చదువు మొదలయ్యే వేళకు చేరండి. బెజవాడకు ఆఖరి బస్సు ఎప్పుడో ముందే కనుక్కోండి. సుగుణమ్మగారు ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరు. ఒక పెట్టెడు బలపాలు మాత్రం అరుగు మీద పెట్టి రండి.