తోకబండి డెల్మార్

మా గుంపులో డెల్మార్ క్రౌస్‌ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. "తోక వచ్చిందా?" అంటారు. "తోకకి ఇంత కాఫీ ఉంచండ్రా" అంటారు. మోటారుసైకిళ్ళేసుకుని కంకర రోడ్ల మీద తిరిగేవాళ్ళలో చిట్టచివర వచ్చేవాడు తోక. పేరు పోయి పని ఒక్కటే మిగిలితే మనిషికి ఎలా ఉంటుందో ఎవరికి పట్టింది? పని జరిగితే చాలు.

మేం ఐదుగురం. అందరికంటే ముందు రాయిస్. మా ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టు వాడిది. కొట్టు చిన్నది, నోరు పెద్దది. కిర్క్ అన్నదమ్ములిద్దరూ కోళ్ళఫారాల వాళ్ళు. నేను మార్వాని, స్కూలు బస్సు నడుపుతాను. మా అందరి వెనకా డెల్మార్. ఏటా అక్టోబరులో, ఓజార్క్ కొండల్లో ఆకు ఎర్రబడగానే, గుడారాలు కట్టుకుని బయల్దేరతాం. తారు రోడ్డు కనిపిస్తే ముఖం తిప్పుకుంటాం. మాకు కావలసింది వాగులూ, పశువుల కంచెలూ, పేరూ నంబరూ లేని మట్టిదారులూ.

అక్కడ ఫోన్లు పలకవు. దుమ్ములో ముందువాడు కనబడడు. అందుకని మాకొక కట్టుబాటు ఉంది. దారి చీలినచోట రాయిస్ చేత్తో నేల చూపిస్తాడు. వాడి వెనకున్న మనిషి అక్కడే బండి ఆపి, మిగతావాళ్ళకి ఎటు పోవాలో చెయ్యి ఊపాలి. తోక వచ్చేదాకా అక్కణ్ణించి కదలకూడదు. వానొచ్చినా కదలకూడదు, ఒంటికి వచ్చినా కదలకూడదు. తోక కనబడ్డాక మాత్రం అతని ముందు బండి నడుపుకుంటూ వెళ్ళిపోవచ్చు. దీన్ని మలుపు కాయడం అంటాం.

తోకగా ఉండడం ఎంత సుఖమో చెబుతాను వినండి. నాలుగు బండ్ల దుమ్మూ తినాలి. ఎవడి ట్యూబు పగిలినా, ఎవడి గొలుసు తెగినా వాడి పక్కన మోకాళ్ళ మీద కూర్చోవాలి. పానాలూ పంపులూ లాగే తాడూ అన్నీ తన బండి మీదే మోయాలి. విడిదికి చేరేసరికి మంచి జాగాలన్నీ అయిపోయి ఉంటాయి. రాళ్ళున్నచోట, ఏటవాలుగా గుడారం వేసుకుని, అడుగంటిన చిక్కుడుగింజలు గీక్కుని తినాలి.

డెల్మార్‌ని దీనికి ఎవరూ ఎన్నుకోలేదు. మేం మొదలుపెట్టిన ఏడాది కిర్క్ చిన్నవాడు వాగులో పడిపోతే ఎవరమూ చూసుకోలేదు. మాంసం కాల్చుకుంటూ ప్లేట్లు పంచుకునేటప్పుడు ఒక ప్లేటు మిగిలింది. డెల్మార్ మారుమాట్లాడకుండా లేచి వెనక్కి వెళ్ళాడు. నడుంలోతు నీళ్ళలోంచి బండినీ మనిషినీ లాక్కొచ్చాడు. మర్నాటి నుంచి అతనే తోక. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు.

ఇంటి దగ్గరా అంతే. దాణా మిల్లులో పనిచేసినన్నాళ్ళూ యంత్రాలు ఆపి, దీపాలార్పి, తలుపు వేసేది అతనే. తర్వాత భార్య ఐలీన్‌కి ఊపిరితిత్తుల జబ్బు. ఏళ్ళ తరబడి ఆక్సిజన్ సిలిండరు ఒక చేత్తో, ఆమెని ఒక చేత్తో పట్టుకుని వంటింట్లోంచి వసారాలోకి నడిపించాడు. మొన్న మే నెలలో ఆమె పోయింది. చర్చిలో భోజనాలయ్యాక మేమంతా అతని భుజం తట్టి ఎవరిళ్ళకి వాళ్ళం బయల్దేరాం. కారెక్కుతూ వెనక్కి తిరిగి చూస్తే, సొంత భార్య దినానికి వేసిన కుర్చీలు తనే మడిచి గోడకి ఆనిస్తున్నాడు.

అదే ఏడు అక్టోబరులో, బయల్దేరిన రెండో రోజు పొద్దున, పెట్రోలు బంకు పక్కన బిస్కట్లనే మెత్తటి రొట్టెలూ సాసేజీ మాంసం గ్రేవీ తింటున్నాం. డెల్మార్ ప్లేటు సగం తిని పక్కన పెట్టేశాడు.

"ఒరేయ్ రాయిస్, ఈ ఏడు తోక ఇంకెవరికైనా ఇవ్వరా. తుంటి లాగేస్తోంది. ఓపిక లేదు."

"తోక తీసేస్తే కుక్క ఏమవుద్దిరా? పిచ్చెక్కి తిరుగుద్ది" అన్నాడు రాయిస్. కిర్క్ అన్నదమ్ములు పడీపడీ నవ్వారు.

"నవ్వులాట కాదురా."

"ఈ ఒక్క ఏడూ కానీ."

"నిరుడూ ఇదే అన్నావు."

"వచ్చే ఏడూ ఇదే అంటాను, అలవాటు చేసుకో!"

నాకు ఒళ్ళు మండింది. "నేనుంటాను తోకగా. ఆ సామాన్లు ఇటు పడెయ్" అన్నాను.

"నువ్వా తల్లీ? ప్రతి గేటు దగ్గరా ఆపి పిల్లలెక్కారా లేదా అని చూస్తావు. మనం క్రిస్మస్‌కి చేరతాం" అన్నాడు రాయిస్. ఈసారి డెల్మార్ కూడా నవ్వాడు. నవ్వితే ఇక అయిపోయిందన్నమాటే. "వద్దులే అమ్మాయ్. నీ బండికి ఈ బరువు పట్టదు" అంటూ జిడ్డు చేతితొడుగులు తొడుక్కున్నాడు. ఆ లేవడంలో బల్ల అంచు పట్టుకుని ఒక్క క్షణం ఆగడం నేను చూశాను.

మధ్యాహ్నం అవుతుండగా మూడు దారులు కలిసే చోట రాయిస్ నాకు నేల చూపించాడు. బండి ఆపి నిలబడ్డాను. కిర్క్ అన్నదమ్ములొచ్చారు, ఎడమకి చెయ్యి ఊపాను, వెళ్ళిపోయారు. డెల్మార్ రాలేదు.

మొదట ఏం అనుకోలేదు. దేనికో ఆగి ఉంటాడు. బిస్కట్టు ముక్క తిన్నాను. బండి గొలుసుకి నూనె రాశాను. వాన మొదలైంది. చెట్టు కిందికి పోదామంటే ముళ్ళతీగలు తప్ప చెట్టు లేదు. కాసేపు డెల్మార్‌ని తిట్టాను, కాసేపు రాయిస్‌ని తిట్టాను, తర్వాత ఈ కట్టుబాటు పెట్టిన మా అందరి తెలివినీ తిట్టాను. నా తర్వాతి మలుపులో కిర్క్ పెద్దవాడు కూడా ఇలాగే తడుస్తూ ఉంటాడనుకుని కొంచెం సంతోషించాను. చినుకు పడగానే వాడు విడిదికి పోయి దుప్పటి కప్పుకున్నాడని తర్వాత తెలిసింది. తోక ఆలస్యమైతే మావాళ్ళెవరికీ కంగారుండదు. ఎవడి బండో బాగుచేస్తున్నాడనుకుంటారు.

గడ్డిమోపులేసుకుని ఒక రైతు ట్రక్కులో వచ్చి అద్దం దించాడు.

"ఎవరికోసమమ్మా వానలో?"

"తోక కోసం."

"కుక్క తప్పిపోయిందా?"

"కాదయ్యా, మనిషే. మోటారుసైకిలు మీద పెద్దాయన. వాగు వైపు నుంచి రావాలి."

"నేను వాగు దగ్గర్నించే వస్తున్నాను. నా దూడలు తప్ప ఎవరూ కనబడలేదు."

అప్పుడు పట్టుకుంది భయం. వాగు ఇవతల లేడు, ఇక్కడికి రాలేదు. అంటే ఏ లోయలోనో బండి కింద పడి ఉన్నాడు. వెనక్కి వెళ్ళి వెతుకుదామా అనిపించింది. నేను కదిలాక అతనొస్తే? వెతకాల్సినవాళ్ళు ఇద్దరవుతాం. ఎవరూ రాని ఆ చోట చేతులు చంకల్లో పెట్టుకుని గట్టిగా ప్రార్థించాను. ఐలీన్ పోయిన ఏడే ఇతనూ పోతే మేం ముఖాలు ఎక్కడ పెట్టుకుంటాం అనుకున్నాను.

వెలుగు తగ్గుతుండగా బండి చప్పుడైంది. వాగు వైపు నుంచి కాదు, మూడో దారిలోంచి. మాలో ఎవరూ పోని దారి అది. డెల్మారే. నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు ఆగిపోయాడు.

"ఎక్కడ చచ్చావయ్యా!" అని అరిచాను.

"నువ్వు ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"ఉండక? తోక రాలేదుగా!"

బండి దిగి నిలబడలేక తడి రాయి మీద కూలబడ్డాడు.

"పడ్డావా?"

"లేదు."

"బండి పాడైందా?"

"లేదు." హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంటికి పోదామని తిప్పేశాను, మార్వా. వాగు దాటానో లేదో, ఇక నా వల్ల కాదనిపించింది. పొద్దున నవ్వాను చూడు, అప్పుడే అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే రాయిస్‌గాడు మళ్ళీ నవ్విస్తాడు, నేను మళ్ళీ వచ్చేస్తాను."

"మరి పోలేదేం?"

హెల్మెట్ అంచు మీది బురద వేలితో గీకాడు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు. "దారి తెలియలేదు."

వేళాకోళమనుకుని నవ్వాను. అతను నవ్వలేదు.

"ఇన్నేళ్ళూ తిరిగిన కొండలే. కానీ ప్రతి మలుపులో మీరెవరో ఒకరు నిలబడి చెయ్యి ఊపేవారు, నేను తిరిగేవాణ్ణి. దారి ఎప్పుడూ చూడలేదు నేను, మిమ్మల్నే చూశాను. ఇవాళ ఏ మలుపులోనూ ఎవరూ లేరు. ఎటు తిరిగినా మళ్ళీ అదే గడ్డివాము దగ్గరికే వస్తున్నాను. ఇల్లు దొరుకుతుందేమోనని తిరుగుతుంటే నువ్వు దొరికావు."

నాకు ఏడుపొచ్చింది. అతను మాత్రం నన్ను నిలబెట్టినందుకు సిగ్గుపడుతూ, రాయి మీద చెయ్యి ఆన్చి లేచాడు. "సర్లే, పద. వాళ్ళు వంట మొదలుపెట్టుంటారు. ముందు నువ్వు నడు" అన్నాడు. అలవాటు ప్రకారం నా బండి వెనకే వచ్చి నిలబడ్డాడు. విడిదికి పోతే రాయిస్ వీపు చరిచి ఇంత కాఫీ ఇస్తాడు, ఏటవాలు జాగా చూపిస్తాడు. రేపు మళ్ళీ దుమ్ము తింటాడు. వచ్చే ఏడూ తింటాడు.

"విడిదికి కాదు" అన్నాను. "తారు రోడ్డు దాకా తీసుకెళ్తాను. అక్కణ్ణించి ఇల్లు తెలుసుగా?"

"అది తెలుసు. మరి వాళ్ళు?"

"ఒక తోక లేకపోతే చావరులే."

"రాయిస్ ఏమంటాడో."

"ఏమన్నా నేను పడతాను. నాకు నోరు లేదా?"

"సామాన్లు..."

"ఇటివ్వు."

"నీ బండికి బరువు..."

"డెల్మార్! ఇవ్వమన్నానా?"

తాళ్ళు విప్పి పానాల సంచీ, పంపు, లాగే తాడు ఒక్కొక్కటే ఇచ్చాడు. ఇస్తూ దేన్ని ఎక్కడ కట్టాలో చెప్పాడు. నిజంగానే బరువే.

బస్సు నడిపేదాన్ని, చూసిన దారి మర్చిపోను. ముందు నేను, వెనక అతను, కొండ దిగి తారు రోడ్డు ఎక్కాం. రోడ్డు పక్కన మూసేసిన ఒక కొట్టు ముందు ఆగాం. అతని ఇల్లు కుడికి. డెల్మార్ ఇంజను ఆపకుండా నా పక్కన నిలబడి ఎదురుచూస్తున్నాడు.

"వెళ్ళు" అన్నాను.

"నువ్వు కదులు ముందు."

"నేను వెనక్కి పోవాలి కదయ్యా. నువ్వు వెళ్ళు."

ఏం చేయాలో తోచనట్టు రోడ్డుకేసి చూశాడు. తర్వాత తలూపి, నన్ను దాటుకుని ముందుకు పోయాడు.

ఇన్నేళ్ళ స్నేహంలో బండి మీద డెల్మార్ వీపు చూడడం నాకదే మొదటిసారి. ఎప్పుడూ మేమే ముందుండేవాళ్ళం కదా. ఎడమ భుజం పూర్తిగా కుంగిపోయి ఉంది. తుంటి మీద బరువు పడకుండా మనిషి మొత్తం ఒక పక్కకి ఒరిగిపోయి, హ్యాండిలు పిడులు పట్టుకుని వేలాడుతున్నట్టు కూర్చున్నాడు. ఎన్నేళ్ళ నుంచి అలా కూర్చుంటున్నాడో మాలో ఎవరికీ తెలియదు.